ఫోబియాను బతికించేది తప్పించుకోవడమే

డీఎస్సీకి చదివిన ఎవరినైనా నిద్రలో లేపి అడిగినా పావ్‌లోవ్ కుక్క కథ తడుముకోకుండా చెబుతారు. గంట కొట్టి ఆహారం పెడుతూ పోతే, చివరికి ఉత్త గంట విన్నా కుక్కకు లాలాజలం ఊరుతుంది. ఆ గంట నిబంధిత ఉద్దీపన, ఆహారం నిర్నిబంధిత ఉద్దీపన. ఆహారం లేకుండా గంటే మోగిస్తూ పోతే ఆ స్పందన ఆగిపోవడం విరమణ, కొన్నాళ్లకు అదే తిరిగి రావడం అయత్నసిద్ధ స్వాస్థ్యం. అరమార్కు బిట్టుకు అంతకంటే అక్కర్లేదు. ఆ బిట్లు రాసి ఉద్యోగం తెచ్చుకున్న మాస్టారే రక్తపరీక్షకు వెళ్లి సూది చూడగానే కళ్లు తేలేసి కుర్చీలో వాలిపోతే, తను చదివిన పాఠానికీ ఈ పడిపోవడానికీ సంబంధం ఉందని ఆయనకు తట్టదు. అనుభవం నుంచి ఎలా నేర్చుకుంటామో చెప్పే అభ్యసన సిద్ధాంతం మన దగ్గర గైడు పుస్తకాల్లోనే ఉండిపోయింది. ప్రయోగశాలలో పుట్టి ఇంత సూటిగా చికిత్స గదిలోకి వచ్చిన సిద్ధాంతాలు మనస్తత్వశాస్త్రంలో చాలా తక్కువ. ఫోబియాల విషయంలో దానికి దీటైనది మరొకటి లేదనే చెప్పాలి.

ముందు ఒక తేడా గమనించాలి. రాత్రి కరెంటు వచ్చాక మోటారు వేయడానికి పొలానికి పోయే రైతు టార్చిలైటు కొట్టుకుంటూ, కర్ర చప్పుడు చేసుకుంటూ నడుస్తాడు. నాగుపాములూ రక్తపింజరులూ తిరిగే గట్ల మీద అది తెలివి. టీవీలో పాము బొమ్మ కనబడితే గదిలోంచి లేచిపోవడం, పెరట్లో ఎప్పుడో పాము కనబడిందని ఏడాదిగా ఆ వైపు తలుపే తీయకపోవడం ఫోబియా. ప్రమాదానికి మించిన భయం, ఆరు నెలలు దాటినా తగ్గకపోవడం, దాని చుట్టూ బతుకును మడిచి పెట్టుకోవడం అనే మూడింటినీ వైద్యులు చూస్తారు. మూడోదే ఈ వ్యాసానికి ముఖ్యం.

ఇంట్లో ఒకరికి ఇలాంటి భయం ఉందంటే మనవాళ్లు మొదట వెతికేది కారణం. చిన్నప్పుడు దేన్నో చూసి దడుసుకున్నాడంటారు, గాలి సోకిందంటారు, అమ్మమ్మకీ ఇలాగే ఉండేదంటారు. చదువుకున్నవాళ్లు ఇదే వెతుకులాటను 'ట్రామా' అన్న పేరుతో చేస్తారు. భయం ఎలా పుట్టిందన్న ప్రశ్నకు అభ్యసన సిద్ధాంతం దగ్గర కొంత జవాబుంది, అదీ అరకొరే. పుట్టిన భయం ఏళ్ల తరబడి ఎందుకు పోదన్న ప్రశ్నకు మాత్రం గట్టి జవాబుంది. చికిత్స మొత్తం నిలబడింది ఈ రెండో జవాబు మీదే.

పుట్టుక సంగతి వేగంగా చూద్దాం. 1920లో అమెరికాలో జాన్ వాట్సన్, రోజలీ రేనర్ అనే ఇద్దరు పరిశోధకులు పదకొండు నెలల పసివాడి మీద ఒక ప్రయోగం చేశారు. పుస్తకాల్లో ఆ పిల్లవాడి పేరు ఆల్బర్ట్. మొదట్లో వాడికి తెల్ల ఎలుకంటే భయమేమీ లేదు, చెయ్యి చాచి పట్టుకోబోయేవాడు. ఎలుకను ముట్టుకున్నప్పుడల్లా వెనక నుంచి ఇనుప కడ్డీని సుత్తితో కొట్టారు. ఏడుసార్లు అలా జరిగాక, చప్పుడు లేకుండా ఉత్త ఎలుకను చూపించినా ఏడుస్తూ పాకిపోయాడు. తర్వాత కుందేలును, కుక్కను, బొచ్చు కోటును చూసినా బెదిరాడు. పాము కరిచినవాడు తాడును చూసి జంకడమంటే ఇదే, పుస్తకాల్లో దీన్నే సామాన్యీకరణం అంటారు. ఆ భయాన్ని పోగొట్టకుండానే పిల్లవాణ్ణి పంపించేశారు. ఇవాళ ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోని పని అది. పైగా ఒకే ఒక్క పిల్లవాడి మీద చేసిన, పద్ధతీపాడూ సరిగా లేని ప్రయోగం. దానికి మన బీఈడీ పుస్తకాలు ఇస్తున్న గౌరవం అది సంపాదించుకున్నదానికంటే ఎక్కువే.

ఇక అసలు విషయం. కోవూరులో కిరాణా కొట్టు నడిపే ఒక మనిషిని ఊహించుకుందాం. సరుకు కోసం వారానికి రెండుసార్లు పెన్నా దాటి నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటకు బండి మీద వెళ్లడం అతనికి పదిహేనేళ్ల అలవాటు. ఒక మే నెల మధ్యాహ్నం, పొద్దుటి నుంచి ఏమీ తినకుండా బయలుదేరాడు. వంతెన మధ్యలో ట్రాఫిక్ ఆగిపోయింది. ముందు బస్సు, వెనక హారన్ కొడుతున్న లారీ, పక్కన రెయిలింగు, దాని కింద నది. ఉన్నట్టుండి గుండె దడదడలాడింది, ఊపిరి అందలేదు, చేతులు తిమ్మిరెక్కాయి. ఇక్కడే పడిపోతాను అనుకున్నాడు. ఎలాగో ఒడ్డు చేరి ఆసుపత్రికి పోతే ఈసీజీ తీసి గుండె బాగానే ఉందన్నారు. కథ అక్కడితో అయిపోవాలి. ఆ వారమే మళ్లీ సరుకుకు బయలుదేరాడు. వంతెన కనబడేసరికి గుండె జోరందుకుంది. బండి తిప్పేసుకుని ఇంటికొచ్చాడు.

బండి తిప్పిన ఆ క్షణం గురించే 1947లో మౌరర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త రాశాడు. భయం రెండు దశల్లో నిలదొక్కుకుంటుందన్నాడు. మొదటిది పావ్‌లోవ్ చెప్పిన జోడింపు: వంతెన, గుండెదడ ఒకదానితో ఒకటి ముడిపడ్డాయి. రెండోది అంతకంటే గట్టి పని చేస్తుంది. బండి తిప్పగానే దడ తగ్గింది, హమ్మయ్య అనిపించింది. ఆ హమ్మయ్య ఒక బహుమతి. బాధ తొలగిపోవడం వల్ల ఒక పని బలపడితే దాన్ని రుణాత్మక పునర్బలనం అంటారు. దీన్ని శిక్షతో కలిపి గందరగోళపడే అభ్యర్థులు ప్రతి డీఎస్సీలోనూ ఉంటారు. ఇక్కడ శిక్షేమీ లేదు, వెనక్కి తిరగడానికి ఎప్పటికప్పుడు చేతిలో పడే జీతం ఉంది. రెండోసారి, మూడోసారి తిప్పేసరికి తిరిగిపోవడం అలవాటవుతుంది. 'ఇవాళ వెళ్లి ఉంటే ఏమయ్యేదో' అన్న అనుమానం మాత్రం తేలకుండా మిగిలిపోతుంది. వెళ్లి ఉంటే బహుశా ఏమీ అయ్యేది కాదు. ఆ సంగతి తెలుసుకునే అవకాశాన్నే తప్పించుకోవడం లాగేసుకుంటుంది. అనుమానం పెనుభూతం అన్నవాళ్లకు మౌరర్ తెలియకపోయినా విషయం తెలుసు.

ఈ అలవాటు ఎంత మొండిదో 1953లో సాలమన్, కామిన్, విన్ కుక్కలతో చూపించారు. రెండు గదుల పెట్టె, మధ్యలో అడ్డం. సంకేతం ఇచ్చిన పది సెకన్లకు కుక్క ఉన్న వైపు నేలకు కరెంటు షాక్ వస్తుంది. అడ్డం దూకితే రాదు. కుక్కలు త్వరగానే నేర్చుకున్నాయి. తర్వాత షాక్ తీసేశారు. కుక్కలు దూకుతూనే ఉన్నాయి, కొన్నయితే వందల సార్లు. షాక్ లేదని తెలుసుకోవడానికి పది సెకన్లు ఆగితే చాలు. ఆగలేదు కాబట్టి తెలియలేదు.

మన కిరాణా కొట్టు మనిషి ఒంటరిగా దూకే కుక్క కాదు, అతనికి కుటుంబం ఉంది. ఇక్కడే మన ఊళ్ల పరిస్థితి సిద్ధాంతానికి కొత్త పేజీ జోడిస్తుంది. తమ్ముడు 'నేను తెస్తాలే అన్నా' అని సరుకు తెస్తాడు. పెళ్లికి పోవాల్సి వస్తే భార్య కారు మాట్లాడి, వెనక సీటులో పక్కన కూర్చుని, వంతెన రాగానే చెయ్యి పట్టుకుంటుంది. ఆయన కళ్లు మూసుకుంటాడు. అమ్మ మసీదు దగ్గర మంత్రం వేయించి చేతికి తాయెత్తు కట్టిస్తుంది. ఇవన్నీ ప్రేమతో చేసేవే, ఎవరినీ తప్పు పట్టే పని లేదు. అయితే భయం వైపు నుంచి చూస్తే ప్రతిదీ ఒక పొద్దు మేత. వంతెన దాటినా 'దాటాను, ఏమీ కాలేదు' అన్నది అతని మెదడుకు ఎక్కదు, 'ఆమె చెయ్యి పట్టుకుంది కాబట్టి బతికాను' అన్నదే ఎక్కుతుంది. తాయెత్తు విషయమూ అంతే. కట్టుకోవడం వల్ల నష్టమేమీ లేదు, నమ్మకం ఎవరిది వారిది. కాకపోతే తాయెత్తు ఉన్నంతసేపే ధైర్యం ఉంటే ఆ ధైర్యం తాయెత్తు ఖాతాలోకి పోతుంది, మనిషి ఖాతాలోకి రాదు. జేబులో పెట్టుకు తిరిగే, కంగారు తగ్గించే అల్ప్రజోలం మాత్ర, చేతిలోంచి వదలని నీళ్ల సీసా, మధ్యదారిలో పదే పదే ఇంటికి చేసే ఫోను కూడా ఇదే పని చేస్తాయి. వైద్యులు వీటిని భద్రతా చర్యలు అంటారు. చికిత్సలో సగం శ్రమ వీటిని కనిపెట్టడానికే పోతుంది, ఎందుకంటే చేసే మనిషికే అవి చేస్తున్నట్టు తెలియదు.

మరి ఏ సంఘటనా లేకుండా పుట్టే భయాల మాటేమిటి? సిద్ధాంతం మీద అందరూ వేసిన ప్రశ్న ఇదే, న్యాయమైన ప్రశ్న. పాములంటే హడలిపోయేవాళ్లలో చాలామందిని పాము కరిచి ఉండదు. 1977లో రాక్‌మన్ అనే మనస్తత్వవేత్త భయాలు మూడు దార్లలో వస్తాయన్నాడు: తనకే జరగడం, ఇంకొకరు భయపడుతుంటే చూడడం, మాటల ద్వారా వినడం. మూడో దారికి తెలుగిళ్లలో ఉదాహరణ వెతుక్కోవక్కర్లేదు. అన్నం తినని పిల్లవాడితో 'డాక్టర్ని పిలిచి సూది వేయిస్తా' అనని తల్లి అరుదు. సూది ఇంకా తగలకముందే అది తగిన శాస్తి అని పిల్లవాడికి చెప్పేశాం. అదే పిల్లవాణ్ణి టీకాకు తీసుకెళ్లి 'ఏడవకూడదు, నొప్పుండదు' అంటే ఎవరు నమ్ముతారు?

రెండో దారిని సుసాన్ మినెకా, మైకేల్ కుక్ 1980ల్లో కోతులతో పరీక్షించారు. ప్రయోగశాలలో పుట్టిన రీసస్ కోతులకు పామంటే భయం లేదు. అడవిలో పెరిగిన కోతి పామును చూసి బెదిరిపోవడం కొద్ది నిమిషాలు చూశాక వాటికీ అదే భయం పట్టుకుంది, నెలల తర్వాతా పోలేదు. ఆ బెదురును వీడియోగా తీసి, కోతి పువ్వులను చూసి బెదిరిపోతున్నట్టు మార్చి చూపిస్తే పువ్వులంటే భయం పుట్టలేదు. అంటే ఏ భయాన్నైనా ఒకే తీరులో నేర్చుకోం. పాములు, ఎత్తులు, చీకటి లాంటి పాత ప్రమాదాలకు మెదడు ముందే సిద్ధంగా ఉంటుందని 1971లోనే సెలిగ్మన్ అన్నాడు. చెన్నై-కోల్‌కతా హైవే మీద ప్రాణాలు తీసేది బైకులూ లారీలూ. అయినా బైకు బొమ్మ చూసి గది వదిలిపోయేవాళ్లు కనబడరు.

మినెకా, కుక్ జంట చేసిన మరో ప్రయోగం ఇంకా ఆసక్తికరం, ఎందుకో దానికి అంత పేరు రాలేదు. ముందుగా, పాము పక్కన నిబ్బరంగా మసలుకునే కోతిని చూపించి, తర్వాత భయపడే కోతిని చూపించారు. ముందు నిబ్బరాన్ని చూసిన కోతులకు భయం చాలావరకు అంటుకోలేదు. టీకా వేసినట్టు పనిచేసిందన్నమాట. నెల్లూరు జిల్లా పొలాల్లో ఎలుకలు పట్టే యానాది కుటుంబంలో పెరిగే పిల్లవాణ్ణి ఈ కోణంలో చూస్తే విషయం తేటపడుతుంది. తండ్రి కలుగు తవ్వే ముందు మట్టిని ఎలా చూస్తాడో, ఎక్కడ ఆగుతాడో, పాము జాడ అనిపిస్తే ఎలా పక్కకు తప్పుకుంటాడో వాడు పక్కనే నిలబడి చూస్తాడు. వాడికి పామంటే జాగ్రత్త అబ్బుతుంది. టౌన్లో అపార్ట్‌మెంట్ పిల్లవాడు చూసేది టీవీలో బల్లిని చూసి అమ్మ కుర్చీ ఎక్కడం.

ఒకే అనుభవం అందరికీ ఒకే భయం మిగల్చకపోవడానికీ ఇక్కడ జవాబు దొరుకుతుంది. 1989 నవంబరు తుపాను కావలి దగ్గర తీరం దాటింది. 2004 డిసెంబరు సునామీ నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీర గ్రామాలనూ తాకింది. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయింది, హైవే తెగి రాకపోకలు నిలిచిపోయాయి. ఇన్ని చూసిన ఊళ్లలో జనమంతా నీటిభయంతో లేరు. సునామీ తర్వాత బెస్తవాళ్లు మళ్లీ వేటకు పోయారు. పొట్టకూటి కోసమే కావచ్చు, కానీ రోజూ అదే సముద్రంలోకి వెళ్లి తిరిగి రావడమే అనుకోకుండా చికిత్స అయి ఉంటుందని సిద్ధాంతం లెక్క. అంతకుముందు వేల రోజులు సముద్రంతో ఏ ప్రమాదమూ లేకుండా గడిపిన అనుభవమూ రక్షణే. ముందు పరిచయం ఉన్న వస్తువుతో భయాన్ని ముడిపెట్టడం మెదడుకు అంత తేలిక కాదు. పళ్ల డాక్టరు దగ్గరికి నొప్పి లేని రోజుల్లో నాలుగుసార్లు వెళ్లొచ్చిన పిల్లవాడు, ఐదోసారి నొప్పి పుట్టినా అంతగా బెదరడు. నొప్పి ముదిరాకే మొదటిసారి వెళ్లినవాడికి ఆ కుర్చీయే శత్రువవుతుంది.

సిద్ధాంతానికి మింగుడుపడని సంగతులూ ఉన్నాయి. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో పిల్లలను పుట్టినప్పటి నుంచి గమనిస్తూ వచ్చిన ప్రసిద్ధ అధ్యయనం ఒకటుంది. పద్దెనిమిదేళ్లకు ఎత్తులంటే భయపడేవాళ్లలో చిన్నప్పుడు కిందపడి దెబ్బలు తగిలించుకున్నవాళ్లు ఎక్కువ ఉండాలి కదా? తీరా చూస్తే తక్కువే ఉన్నారు. అంటే కొన్ని భయాలు నేర్చుకున్నవి కావు, పుట్టుకతో వచ్చి, అనుభవంతో తగ్గాల్సినవి తగ్గకుండా మిగిలినవి కావచ్చు. పుట్టుక కథ అరకొర అని మొదట్లో అన్నది ఇందుకే. మన కొట్టు మనిషి భయానికి వంతెన కారణమా, ఖాళీ కడుపా, ఎండా, తల్లి వైపు నుంచి వచ్చిన కంగారు స్వభావమా అన్నది ఎన్నటికీ తేలకపోవచ్చు. తేలకపోయినా చికిత్స ఆగదు. చాలామంది రోగులకు ఊరటనిచ్చే మాట ఇది, గతాన్ని తవ్వుతూ ఏళ్లు గడిపే కౌన్సెలర్లకు మాత్రం అంతగా రుచించదు.

చికిత్స కథ 1924లో మేరీ కవర్ జోన్స్‌తో మొదలవుతుంది. కుందేలంటే భయపడే మూడేళ్ల పీటర్ ఇష్టంగా తింటున్నప్పుడు కుందేలును గది అవతలి మూల నుంచి కొద్దికొద్దిగా దగ్గరికి తెచ్చింది. భయపడని పిల్లలు దాంతో ఆడుకుంటుంటే చూడనిచ్చింది. చివరికి వాడు ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో కుందేలును నిమిరాడు. ఆల్బర్ట్‌కు బాకీ పడిన పని పీటర్‌కు జరిగిందన్నమాట. ఆ తర్వాత దక్షిణాఫ్రికాలో జోసెఫ్ వోల్ప్ దీన్ని పద్ధతిగా మలిచి 1958లో పుస్తకం వేశాడు. కండరాలు సడలించడం నేర్పి, భయాలను చిన్నదాని నుంచి పెద్దదాకా మెట్లుగా పేర్చి, ఒక్కో మెట్టునూ ముందు ఊహలో ఎక్కించేవాడు. భయాన్ని సున్నా నుంచి నూరు దాకా మార్కులతో కొలిచే అలవాటు ఆయన పెట్టిందే. తర్వాతి పరిశోధనల్లో సడలింపు తీసేసినా చికిత్స పనిచేసింది. పనిచేసేది భయపెట్టేదాని ఎదుట తప్పించుకోకుండా నిలబడడమేనని తేలింది. దాన్నే ఎక్స్‌పోజర్ అంటారు.

కొట్టు మనిషికి మెట్లు ఇలా వేయొచ్చు. ఫోనులో వంతెన వీడియో చూడడం. ఒడ్డున నిలబడి వాహనాలు పోవడం చూడడం. ఆదివారం తెల్లవారుజామున రద్దీ లేనప్పుడు మరొకరి బండి వెనక కూర్చుని దాటడం. అదే పని సొంత బండి మీద. తర్వాత సరుకు వేళకు, ఎండలో, ట్రాఫిక్‌లో. బస్సులో, కిటికీ పక్కన. చివరికి ఒక్కడే, మాత్ర ఇంట్లో వదిలి, ఫోను చేయకుండా. కాగితం మీద ఇది తేలికే. చికిత్సకుడి నైపుణ్యం కనబడేది ప్రతి మెట్టుకూ ముందు అడిగే ప్రశ్నలో. 'ఎంత టెన్షన్‌గా ఉంది?' అన్నది పాత ప్రశ్న. 'ఇప్పుడు ఏం జరుగుతుందనుకుంటున్నావు?' అన్నది కొత్త ప్రశ్న. 'మధ్యలోకి వచ్చేసరికి కళ్లు తిరిగి బండి మీంచి పడిపోతా, నూటికి ఎనభై పాళ్లు' అని అతను చెబితే అది కాగితం మీద రాస్తారు. దాటాక మళ్లీ చూస్తారు. పడ్డాడా? లేదు. గుండె కొట్టుకుందా? కొట్టుకుంది. గుండె కొట్టుకోవడం, పడిపోవడం వేర్వేరు సంగతులని అప్పుడు తెలుస్తుంది.

ఈ ప్రశ్న మారడానికి కారణం ఉంది. 1972లో రెస్కోర్లా, వాగ్నర్ ఒక లెక్క కట్టారు: అనుకున్నదానికీ జరిగినదానికీ ఎంత తేడా ఉంటే అంత నేర్చుకుంటాం. ఏమీ ఊహించకుండా వెళ్తే నేర్చుకునేదీ తక్కువే. ఆ తర్వాత మార్క్ బౌటన్ జంతువులతో చేసిన పనిలో ఇంకో విషయం బయటపడింది. విరమణ అంటే పాత భయం చెరిగిపోవడం అని మన గైడ్లు రాస్తాయి. అది సరికాదు. పాత పాఠం అలాగే ఉంటుంది, దాని పక్కన 'ఇప్పుడు ప్రమాదం లేదు' అన్న కొత్త పాఠం చేరుతుంది. పాత పాఠం ఎక్కడైనా గుర్తొస్తుంది, కొత్తది మాత్రం నేర్చుకున్న చోటును అంటిపెట్టుకుని ఉంటుంది. చికిత్స గదిలో తగ్గిన భయం ఇంటికి రాగానే లేవడం, ఆరు నెలలు గ్యాప్ వస్తే తిరిగి రావడం ఇందువల్లే. అయత్నసిద్ధ స్వాస్థ్యం అని బట్టీపట్టిన అరమార్కు బిట్టు నిజానికి రోగికి చెప్పి పంపాల్సిన మొదటి జాగ్రత్త. మిషెల్ క్రాస్క్ లాంటివాళ్లు చికిత్సను ఈ వెలుగులో మార్చారు: ఒకే వంతెన మీద ఒకే వేళకు పదిసార్లు తిప్పేకంటే వేర్వేరు వేళల్లో, వేర్వేరు వంతెనల మీద, మంచి మూడ్‌లో ఒకసారి, విసుగ్గా ఉన్న రోజు ఒకసారి తిప్పాలంటారు. మెట్లు కూడా వరసగానే ఎక్కాలన్న నియమం లేదు.

కుక్కల భయం దగ్గర ఒక మినహాయింపు చెప్పాలి. మన వీధికుక్కల భయంలో కొంత న్యాయముంది, రేబిస్ కల్పన కాదు. కాబట్టి చికిత్స పేరుతో ముక్కూమొహం తెలియని కుక్క తల నిమరమనడం పిచ్చిపని. టీకాలు వేయించిన, తెలిసినవాళ్ల పెంపుడు కుక్కతో మొదలుపెట్టి, వీధిలో కుక్కల పక్క నుంచి పరుగెత్తకుండా మామూలుగా నడిచి వెళ్లగలగడం దగ్గర ఆగితే చాలు. ఇలాంటి జంతువుల భయాలను స్వీడన్‌కు చెందిన లార్స్-గోరన్ ఓస్ట్ ఒకే సిట్టింగులో, గరిష్ఠంగా మూడు గంటల్లో తగ్గించవచ్చని 1989లో చూపించాడు. చికిత్సకుడు ముందు తను చేసి చూపి, తర్వాత రోగితో కలిసి చేసి, చివరికి రోగిని ఒంటరిగా చేయనిస్తాడు. చేసి చూపించి చేయించడం ఉత్త మాటలకంటే బలమని 1969లోనే పాములంటే భయపడేవాళ్లతో బండూరా నిరూపించాడు.

సూది భయానిది వేరే దారి. మిగతా భయాల్లో గుండె వేగం, బీపీ పెరుగుతాయి. భయంతో కళ్లు తిరిగి పడిపోవడం చాలా అరుదు. రక్తం, సూది విషయంలో మాత్రం మొదట కాసేపు పెరిగి, ఒక్కసారిగా రెండూ పడిపోతాయి. మెదడుకు రక్తం చాలక మనిషి వాలిపోతాడు. ఇక్కడ 'రిలాక్స్ అవ్వు, గట్టిగా ఊపిరి పీల్చు' అనడం పొరపాటు, సడలిస్తే బీపీ ఇంకా దిగుతుంది. ఓస్ట్, స్టెర్నర్ 1987లో దీనికి తిరుగుమందు చెప్పారు. చేతులు, ఛాతీ, కాళ్ల కండరాలను పది పదిహేను సెకన్లు గట్టిగా బిగించాలి, మొహంలోకి వెచ్చదనం ఎక్కేదాకా. తర్వాత ఇరవై ముప్పై సెకన్లు మామూలుగా వదలాలి, పూర్తిగా జారవిడవకూడదు. ఇలా ఐదుసార్లు. ఇంట్లో రోజూ సాధన చేసి, ఆ తర్వాత రక్తం బొమ్మలు చూస్తూ, చివరికి ల్యాబులో సూది గుచ్చే చేతిని మాత్రం వదులుగా ఉంచి చేయాలి. ల్యాబు కుర్చీలో కూర్చోబెట్టేకంటే బల్ల మీద పడుకోబెట్టి రక్తం తీయమని అడగడంలోనూ సిగ్గు లేదు. షుగరు పరీక్షలు వాయిదా వేస్తూ, కాన్పుకు ముందు టెస్టులు ఎగ్గొడుతూ తిరిగేవాళ్లకు ఈ చిన్న విద్య చేసే మేలు చాలా పెద్దది.

మన ఊళ్లలో ఎక్స్‌పోజర్‌కు ఒక మొరటు రూపం ఎప్పటి నుంచో ఉంది: ఈత రాని పిల్లవాణ్ణి దిగుడుబావిలోకి తోసేయడం. కొందరికి ఈత వచ్చేసింది, కథలు చెప్పేది వాళ్లే. మిగతావాళ్లు బావి వైపు పోవడమే మానుకున్నారు. తోసేయడానికీ చికిత్సకూ తేడా రెండు చోట్ల ఉంది. చికిత్సలో మెట్టు ఎక్కాలా వద్దా అన్నది రోగి చేతిలో ఉంటుంది. భయం పతాకస్థాయిలో ఉన్నప్పుడు బయటపడిపోవడం ఉండదు, అనుకున్నది జరగలేదని తెలిసేదాకా అక్కడే ఉంటారు. బావిలో ఈ రెండూ తలకిందులు. బంధువులంతా కలిసి బల్లిని మీద వేసి నవ్వడం, 'ఇంత మాత్రానికే భయమా' అని కారు వంతెన మధ్యలో ఆపేయడం కూడా ఈ కోవలోవే. వాటి వల్ల ఆ మనిషి నేర్చుకునేది ఒక్కటే, ఈ బంధువులను నమ్మకూడదని.

గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు మొదలుపెట్టే ముందు డాక్టర్ని అడగాలి. మాత్రలు వాడుతున్నవాళ్లు సొంతంగా ఆపేయకూడదు, అల్ప్రజోలం లాంటివి ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. దడ వంతెన మీదే కాక ఇంట్లో, నిద్రలో, కారణం లేకుండా కూడా వస్తుంటే అది పానిక్ డిజార్డర్ కావచ్చు, చికిత్స కొంత మారుతుంది. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడొచ్చు. నెల్లూరోళ్లకు ఏ జబ్బుకైనా మద్రాసు పోవడం అలవాటు, ఈ జబ్బుకు అంత దూరం పోవాల్సిన పని చాలామందికి ఉండదు. ఎక్కడికి పోయినా మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: 'మీరు మాట్లాడి పంపించేస్తారా, దగ్గరుండి ఎక్స్‌పోజర్ చేయిస్తారా?' చేయిస్తామంటే, ఇంట్లోవాళ్లలో ఎవరు ఎప్పుడు చెయ్యి పట్టుకుంటున్నారో, ఎవరు బదులు వెళ్తున్నారో రాసుకుని ఆ కాగితం రెండోసారి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లాలి. చికిత్సకుడికి పాత ఈసీజీ కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.